ఎవరి సొమ్ము ఎవరికి ఉచితం?

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని పౌర ప్రాంతాలను జీహెచ్‌ఎంసీలో కలపడానికి రక్షణ శాఖ ఎట్టకేలకు విధివిధానాలు ఖరారు చేసింది. 2024 జూన్ నెలాఖరులో రాష్ట్ర ప్రభుత్వానికి రాసిన లేఖలో వాటిని పేర్కొంది. విలీనం కావాల్సిందేనని ఈ పత్రిక మొదటి నుంచీ అంటోంది, ఇప్పుడూ అదే అంటుంది. బోయిన్‌పల్లి, కార్ఖానా, తిరుమలగిరి, రసూల్‌పుర వాసులు నగరం నడిబొడ్డున ఉంటూ నగరపాలనకు వెలుపల బతకడానికి ఇక అర్థం లేదు. కానీ ఆ లేఖలోని ఒక మాట మాత్రం మింగుడుపడటం లేదు. పౌర సదుపాయాల కోసం ఉన్న ఆస్తులన్నింటినీ రాష్ట్రానికి 'ఉచితంగా' బదలాయిస్తారట! అదేదో ఢిల్లీ ప్రసాదించిన వరమైనట్టు కొందరు నాయకులు మురిసిపోతున్నారు కూడా. ఆ ఉచితం సంగతేమిటో లెక్క చూడాల్సిందే.

ముందు ఇస్తున్నవేమిటో చూద్దాం. వీధి రోడ్లు, మురుగు కాలువలు, నీటి పైపులైన్లు, వీధి దీపాలు, పార్కులు, బడులు, ఆస్పత్రి. ఇవేవీ రక్షణ శాఖ ఖజానా నుంచి ఊడిపడలేదు. కంటోన్మెంట్ బోర్డు అంటే సైనిక కార్యాలయం కాదు, స్థానిక సంస్థ. దానికి సొంత నిధి ఉంటుంది. కంటోన్మెంట్ వాసులు తరతరాలుగా కట్టిన ఇంటి పన్ను, నీటి చార్జీలు, ట్రేడ్ లైసెన్సు ఫీజులు, భవన అనుమతుల రుసుములు అందులోకే వెళ్లాయి. ఆ డబ్బుతోనే కాలువలు తవ్వారు, పైపులు వేశారు. బోర్డు సమకూర్చుకున్న ఆస్తులు బోర్డువేనని కంటోన్మెంట్ల చట్టమే చెబుతోంది. కేంద్రం అప్పుడప్పుడు గ్రాంట్లు ఇచ్చిన మాట నిజమే. ఆ గ్రాంట్లు మాత్రం ఎవరి సొమ్ము? పన్ను కట్టేవాడిదే. జనం సొమ్ముతో వేసిన కాలువను తిరిగి జనం చేతిలోనే పెట్టి, పైసా తీసుకోవడం లేదని చెప్పుకోవడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

దానంలోనూ ఒక మెలిక ఉంది. ఆస్తులతోపాటు బోర్డు అప్పులు, బాధ్యతలు కూడా జీహెచ్‌ఎంసీకే బదిలీ అవుతాయి. సిబ్బంది జీతాలు, విశ్రాంత ఉద్యోగుల పింఛన్లు, కాంట్రాక్టర్లకు చెల్లించాల్సిన బిల్లులు ఇక నగరపాలక సంస్థ నెత్తిన పడతాయి. ఆస్తి వచ్చినచోటికి అప్పు కూడా రావడం న్యాయమే అనుకుందాం. మరి బోర్డుకు రావాల్సిన బాకీల సంగతేమిటి? వాటిలో అతి పెద్ద బాకీదారు మరెవరో కాదు, రక్షణ శాఖే!

రాజ్యాంగంలోని 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తులపై స్థానిక సంస్థలు పన్ను వేయకూడదు. అందుకు బదులుగా కంటోన్మెంట్‌లోని సైనిక ఆస్తులకు సర్వీస్ చార్జీలు చెల్లించడం ఆనవాయితీ. సికింద్రాబాద్‌లో ఆ చెల్లింపులు ఏళ్లుగా నత్తనడక నడిచాయి. బకాయి వందల కోట్లకు పెరిగిందని, దాని వల్లే రోడ్ల మరమ్మతులకు సైతం డబ్బు లేకుండా పోయిందని బోర్డు వర్గాలే పదేపదే మొరపెట్టుకున్నాయి. చేసిన పనికి కూలి ఎగ్గొట్టి, చివరి రోజున పనిముట్లు ఉచితంగా ఇస్తున్నామని చెప్పే యజమానిని ఏమంటాం? ఈ బకాయిల్లో చివరి రూపాయి దాకా జీహెచ్‌ఎంసీకి ఎప్పుడు, ఎలా చెల్లిస్తారో తేదీతో సహా చెప్పకుండా ఉచితం ఊసెత్తే అర్హత రక్షణ శాఖకు లేదు.

పన్ను వేరు, సేవకు చెల్లించే మూల్యం వేరు అన్నది కొత్త వాదనేమీ కాదు. రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో 2009 నవంబరులో సుప్రీంకోర్టు ఈ లెక్కను తేటతెల్లం చేసింది. కేంద్ర సంస్థలు మున్సిపల్ సేవలను పూర్తిగా వాడుకుంటే ఆస్తి పన్నులో 75 శాతం, పాక్షికంగా వాడుకుంటే 50 శాతం, ఏ సేవా వాడుకోకున్నా మూడో వంతు సర్వీస్ చార్జీగా చెల్లించాలి. అంటే ఏ సేవా తీసుకోకున్నా నగరం మధ్యలో ఉన్నందుకు కొంత బాధ్యత తప్పదన్నమాట. అలాంటిది, నగరపు నీటితో, నగరపు కాలువలతో నడిచే సైనిక ప్రాంతం బాకీపడి ఉండటాన్ని ఏ న్యాయం ఒప్పుకొంటుంది?

ఉచితానికి మరో షరతు కూడా తగిలించారు. వర్తించినచోటల్లా భూమిపై యాజమాన్య హక్కు కేంద్రం దగ్గరే ఉంటుంది. పైపు నగరానిది, పైపు కింది నేల ఢిల్లీది! రేపు ఆ పైపు మార్చాలన్నా, వీధిని వెడల్పు చేయాలన్నా మళ్లీ అర్జీ పట్టుకుని రక్షణ శాఖ గుమ్మం ఎక్కాలా? ఆ గుమ్మం దగ్గర ఎంతకాలం పడిగాపులు కాయాలో హైదరాబాద్‌కు బాగా తెలుసు. రాజీవ్ రహదారిపైనా, నాగపూర్ దారిపైనా ఎలివేటెడ్ కారిడార్లకు అవసరమైన రక్షణ భూముల అనుమతి ఏళ్ల తరబడి తిరిగితే 2024 మార్చిలో గానీ రాలేదు. ఇక ఓల్డ్ గ్రాంట్ బంగళాల్లో (నేల ప్రభుత్వానిది, కట్టడం మాత్రం సొంతం), లీజు స్థలాల్లో ఉంటున్న కుటుంబాలకు ఈ విలీనంతో ఏం ఒరుగుతుందో చెప్పే నాథుడే లేడు.

ఇంతకీ ఈ లెక్కలన్నీ అడగాల్సింది ఎవరు? చట్టం ప్రకారం బోర్డులో అధికారిక, నామినేటెడ్ సభ్యులతో సమానంగా ఎనిమిది మంది ఎన్నికైన సభ్యులు ఉండాలి. సికింద్రాబాద్‌లో చివరిసారి ఓట్లు పడింది 2015 జనవరిలో. 2021 ఫిబ్రవరి నుంచి నడుస్తున్నది నామినేటెడ్ పౌర సభ్యుడితో సరిపెట్టిన బోర్డు. 2023 ఏప్రిల్ 30న పోలింగ్ అని నోటిఫికేషన్ ఇచ్చి, ఆనక దాన్నీ రద్దు చేశారు. 2011 జనగణన నాటికే 2,17,910 మంది ఉన్న ఊరి ఆస్తిని, ఆ ఊరు ఎన్నుకున్న ఒక్క మనిషి కూడా లేని సభ మూటగట్టి అప్పగిస్తోంది. ఇస్తున్నవారూ అడగలేదు, పుచ్చుకుంటున్నవారూ అడగలేదు.

అలాగని తప్పంతా రక్షణ శాఖదే అనలేం. సైన్యానికి భద్రతాపరమైన ఆందోళనలు ఉన్నాయి, అవి నిజమైనవే. ఆస్తి బదలాయింపు సుంకంలో బోర్డు వాటాను బిగబట్టిన రాష్ట్ర ప్రభుత్వమూ కడిగిన ముత్యమేమీ కాదు.

అసలు సమస్య విలీనంతో తీరిపోదు, అక్కడే మొదలవుతుంది. పౌర ప్రాంతాలు విడిపోయాక కూడా సైనిక స్థావరం నగరం మధ్యలోనే ఉంటుంది. పికెట్ నాలా సరిహద్దు రాయి చూసి ఆగదు, హుస్సేన్‌సాగర్ దాకా పారుతుంది. స్థావరానికి నీళ్లు, కరెంటు నగరం నుంచే అందాలి. నగరవాసులు రోజూ వాడే రోడ్లు స్థావరం గుండానే సాగాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే ఏమవుతుందో ఇదివరకే చూశాం. ఒక పక్క సైనికాధికారులు ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) కేంద్రం దారుల్లో గేట్లు మూసేశారు. భద్రతా కారణాలుంటే తప్ప, ప్రజల అభ్యంతరాలు కోరుతూ నోటీసు ఇస్తే తప్ప వీధిని శాశ్వతంగా మూయరాదన్న కంటోన్మెంట్ల చట్టంలోని 258వ సెక్షన్ కాగితంపైనే ఉండిపోయింది. మరో పక్క 2022 మార్చిలో అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ కంటోన్మెంట్‌కు నీళ్లు, కరెంటు ఆపేస్తామని శాసనసభలోనే హెచ్చరించారు. ఒకరి చేతిలో గేటు, ఒకరి చేతిలో నల్లా. ఇద్దరి మధ్య నలిగింది మాత్రం బడికి, ఆస్పత్రికి వెళ్లాల్సిన జనం.

ఇందుకు భిన్నంగా నడవడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మాంటెరే నగరం తన పక్కనున్న ప్రెసిడియో సైనిక స్థావరానికి రోడ్లు, భవనాల నిర్వహణ వంటి సేవలను 1990ల చివరి నుంచి ఒప్పందం మీద అందిస్తోంది. పాత పద్ధతితో పోలిస్తే 41 శాతం ఖర్చు ఆదా అయిందని ఆ దేశ సైన్యపు ఆడిట్ విభాగమే తేల్చింది. ఆ అనుభవం చూశాకే సైనిక స్థావరాలు స్థానిక ప్రభుత్వాలతో నేరుగా సేవల ఒప్పందాలు చేసుకునేందుకు 2013 నుంచి అక్కడి చట్టం వీలు కల్పించింది. ఏ సేవ, ఎంత ధర, ఎన్నేళ్లు అన్నవన్నీ కాగితం మీద ఉంటాయి. ఎవరూ ఎవరికీ ఉచితంగా ఏదీ ఇవ్వరు, ఎవరూ ఎవరికీ బాకీపడరు.

విలీనం గెజిట్ వెలువడటానికి ముందే అలాంటి పత్రం ఒకటి ఇక్కడా సిద్ధం కావాలి. సర్వీస్ చార్జీల బకాయిలను ఉమ్మడిగా లెక్కతేల్చి, చెల్లింపు తేదీలు ప్రకటించాలి. ఇకపై స్థావరానికి అందే నీరు, మురుగు పారుదల, చెత్త తరలింపు సేవలకు సుప్రీంకోర్టు చెప్పిన కొలమానంతో ధర కట్టాలి. ఏ రోడ్లు జనానికి ఎప్పుడూ తెరిచి ఉంటాయో పేర్లతో సహా రాయాలి. పౌర సేవల కోసం వాడే నేలపై యాజమాన్య హక్కును కూడా బదలాయించాలి. బోర్డు పద్దులన్నీ కంటోన్మెంట్ వాసుల ముందు పెట్టి, వారి అభ్యంతరాలు విన్నాకే సంతకాలు జరగాలి. దేశంలోని మిగతా కంటోన్మెంట్లను విడదీయడానికీ ఇవే షరతులు నమూనా కాబోతున్నాయి కాబట్టి, ఇక్కడ జరిగే తప్పు ఇక్కడితో ఆగదు.

రాష్ట్ర ప్రభుత్వం లేఖ అందిన సంతోషంలో కళ్లు మూసుకుని తలూపరాదు. బకాయి లెక్క తేలేదాకా, సేవల ఒప్పందం చేతికి వచ్చేదాకా సంతకం పెట్టబోమని నిక్కచ్చిగా చెప్పాలి. కంటోన్మెంట్ ప్రజలు ఢిల్లీని దానం అడగలేదు. తమకు రావాల్సింది అడుగుతున్నారు. అది ఇచ్చాకే విలీనం.