ఓర్చుకొమ్మని చెప్పడానికి ముందు

హాజరుపట్టీలో కొందరు విద్యార్థినుల పేర్ల ఎదుట ప్రతి నెలా రెండు మూడు రోజులు వరుసగా గైర్హాజరు గుర్తులు పడుతూ ఉంటాయి. అటువంటి ఒక విద్యార్థినిని మేము ఒకప్పుడు తరగతిలోనే నిలబెట్టి మందలించినాము. ఆమె తల వంచుకొన్నదే గాని బదులు పలుకలేదు. ఆ రోజులలో ఆమె మంచం దిగలేనంత నొప్పితో ఉండేదని తరువాత ఒక సహాధ్యాపకురాలు చెప్పగా తెలిసి సిగ్గుపడినాము.

నెలసరిలో కొంత నొప్పి సహజమే. చదువును, నిద్రను, నడకను ఆపివేసే నొప్పి సహజం కాదు. దానికి ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధి కారణం కావచ్చు. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల, అండాశయాల మీద, పొత్తికడుపు పొరల మీద పెరిగి వాపును కలిగిస్తుంది. కొందరిలో అవయవాలు ఒకదానికొకటి అంటుకొంటాయి. తీవ్రమైన నెలసరి నొప్పి, మలమూత్ర విసర్జన వేళ బాధ, ఎడతెగని అలసట దీని లక్షణాలు. కొందరికి సంతానం కలగడమూ కష్టమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతానయోగ్య వయస్సులోని స్త్రీలలో, బాలికలలో సుమారు 10 శాతం మంది, అనగా 19 కోట్ల మంది, దీనితో బాధపడుతున్నారు. వ్యాధి నిర్ధారణకు తరచు 4 నుండి 12 సంవత్సరాలు పడుతున్నది.

ఈ ఆలస్యం ఇంటిలోనే మొదలవుతున్నది. “మేమంతా ఓర్చుకోలేదా?” అంటుంది నాయనమ్మ. “పెళ్ళయితే అదే సర్దుకుంటుంది” అంటుంది పొరుగామె. పెళ్ళి ఈ వ్యాధికి మందు కాదు. మన ఇండ్లలో రంజాన్ మాసంలో కూతురు ఎన్ని ఉపవాసాలు విడిచినదో తల్లికి లెక్క తెలుసు; ఆ రోజులలో ఎంత బాధపడినదో తెలియదు.

తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, రుయా, స్విమ్స్ ఉన్నవి. చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉన్నది. కాని ‘ప్రసూతి’ అన్న పేరు చూచి, పెళ్ళికాని పిల్లతో ఆ గడప తొక్కితే లోకులేమంటారో అని తల్లులు జంకుతారు. లోకుల మాట కంటె బిడ్డ మాట ముఖ్యం. స్కానింగులో ఏమీ కనబడనంత మాత్రాన వ్యాధి లేదని అనుకొనరాదు. అందరికీ వెంటనే శస్త్రచికిత్స అవసరముండదు. వైద్యుల సలహాపై మందులతోనే చికిత్స ఆరంభించవచ్చు. పూర్తిగా రూపుమాపే మందు నేటికీ లేకపోయినా, త్వరగా గుర్తిస్తే నొప్పిని అదుపులో ఉంచుకొని చదువు సాగించవచ్చు.

విద్యార్థినులారా! నొప్పి వచ్చిన తేదీలు, దాని తీవ్రత, మానిన తరగతులు ఒక చిన్న పుస్తకంలో వ్రాసి వైద్యురాలికి చూపండి. సిగ్గుతో చెప్పలేని మాటలను ఆ పుస్తకమే చెబుతుంది. విద్యార్థులారా! మీ అక్కచెల్లెళ్ళ బాధను పరిహాసం చేయకండి.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి రెండే: ఏటా ఒక వైద్యురాలిచేత ఉపన్యాసం ఇప్పించండి, ఇటువంటి గైర్హాజరు సంగతిని ఒక అధ్యాపకురాలితో గోప్యంగా చెప్పుకొనే వీలు కల్పించండి. నెలనెలా పడే ఆ గుర్తులు మొదట కనబడేది అధ్యాపకులమైన మాకే. కనుక మందలించడానికి ముందు విచారించడం మా ధర్మం.