చైనా మూలికైనా మన చూర్ణమైనా, మందు కొట్టని సాళ్ళు చూడకుండా నమ్మొద్దు



ఈసారి పంట గురించి కాదు, కడుపు గురించి రాస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మనలో చాలామందిని ఏళ్ళ తరబడి పీడించే బాధలు ఇవే. తిన్న వెంటనే పొట్ట ఉబ్బరం, రోజుల తరబడి మలబద్ధకం, లేదంటే పొద్దున్నే నాలుగైదుసార్లు చెంబు పట్టుకుని పరుగు. స్కానింగ్ తీయించినా, గొట్టం వేసి చూసినా "ఏమీ లేదు, గ్యాస్" అంటారు. డబ్బులు అయిపోతాయి, బాధ మాత్రం అలాగే ఉంటుంది. ఇలాంటప్పుడే మూలికల మాట చెవికి ఇంపుగా వినపడుద్ది. మన చూర్ణాలు చాలవన్నట్టు ఇప్పుడు "వేల ఏళ్ళ నాటి చైనా వైద్యం, సైడ్ ఎఫెక్టులే ఉండవు" అనే మాట కూడా ఫోన్లలో తిరుగుతోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చైనా మూలికల్లో కొన్నిటికి నిజంగానే పని ఉంది. పని ఉంది కాబట్టే వాటిని పురుగుమందు డబ్బాని చూసినంత జాగ్రత్తగా చూడాలి. పాతదని కళ్ళు మూసుకుని నమ్మొద్దు, పరాయి దేశానిదని తోసెయ్యొద్దు.

ఒక్కసారి ఆలోచించండి. కొత్త మందు వస్తే తెలివైన రైతు ఏం చేస్తాడు? పొలమంతా కొట్టడు. నాలుగు సాళ్ళు కొట్టకుండా వదిలేసి తేడా చూస్తాడు. లేకపోతే వానకి పోయిన పురుగుని కూడా మందు ఖాతాలోనే రాసేస్తాం. కడుపు జబ్బులూ అంతే. ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ, వాటంతట అవే వస్తూ పోతూ ఉంటాయి. బాగా ఎక్కువైనప్పుడే మందు మొదలుపెడతాం, తర్వాత ఎలాగూ కొంత తగ్గుద్ది. "నాకు తగ్గిందిరా బావా" అన్న ఒక్క మాట సాక్ష్యం కాదు అనేది అందుకే.

ఇలా సాళ్ళు వదిలి చూసిన పరీక్ష ఒకటి చెప్తా. చైనాలో మలబద్ధకానికి మా జి రెన్ వాన్ అనే మాత్ర వాడతారు. జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు సుమారు 1800 ఏళ్ళ కిందట రాసిన గ్రంథంలోని మందు అది. అందులో ఆరు దినుసులు: గంజాయి జాతి మొక్క గింజ (కంగారు పడకండి, గింజలో మత్తు ఉండదు), రూబార్బ్ వేరు, ఆప్రికాట్ పిక్కల పప్పు, తెల్ల పియోనీ వేరు, పచ్చి నారింజ పిందె, మాగ్నోలియా బెరడు. హాంకాంగ్‌లో 291 మంది మలబద్ధకం రోగులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఈ మందు, ఇంకో గుంపుకి సెన్నా, మూడో గుంపుకి ఏమీ లేని ఉత్తుత్తి మందు. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. సెన్నా అంటే ఏదో కాదండి, మన సునాముఖి. తమిళనాడు తిరునల్వేలి పేరు మీద టిన్నెవెల్లి సెన్నాగా ప్రపంచమంతా తెలిసిన పంట.

8 వారాలు వాడినప్పుడు చైనా మందు గుంపులో వందకి 68 మందికి, సునాముఖి గుంపులో సుమారు 58 మందికి గుణం కనపడింది. వాడుతున్నంత కాలం రెండూ దగ్గర దగ్గరే. మందు ఆపాక మాత్రం చైనా మందు మేలు కొంచెం ఎక్కువ కాలం నిలిచింది. మరి ఉత్తుత్తి మందు గుంపు సంగతి? వందకి 33 మందికి అక్కడా గుణం కనపడింది! ఏమీ కొట్టని సాళ్ళలో కూడా మూడో వంతు పురుగు పోయిందన్నమాట. ఈ 33ని మనసులో పెట్టుకోండి. ఏ పొడి అమ్మేవాడైనా "వందలో ముప్పై మందికి తగ్గింది" అన్నాడంటే, పిండి అమ్మినా అంతే తగ్గుద్దేమో అని అడగండి.

రెండో సంగతి. ఆస్ట్రేలియాలో పేగు చిరాకు జబ్బు, అంటే డాక్టర్లు ఐబీఎస్ అనేది, ఉన్న 116 మంది మీద చైనా మూలికలు పరీక్షించి 1998లో ఫలితాలు ప్రకటించారు. ఒక గుంపుకి అందరికీ ఒకే మందు. ఇంకో గుంపుకి చైనా వైద్యుడు మనిషిని చూసి, ఎవరికి తగ్గట్టు వారికి కలిపిన మందు. మూడోది ఉత్తుత్తి మందు. 16 వారాలు వాడినప్పుడు మొదటి రెండు గుంపులూ బాగుపడ్డాయి. ఆపేసి 14 వారాలయ్యాక చూస్తే, మనిషిని బట్టి ఇచ్చిన గుంపులోనే మేలు నిలిచింది. భూసార పరీక్ష చేసి ఎరువు వేయడానికీ, ఊరంతటికీ ఎకరాకి రెండు బస్తాలు అనడానికీ ఉన్న తేడాలాంటిదే ఇది.

అంతటితో సంబరపడొద్దు. ఇదే జబ్బులో విరేచనాలు ఎక్కువగా ఉండే 119 మందికి హాంకాంగ్‌లో 11 మూలికల మందు ఇచ్చి చూశారు. 2006లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మందుకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే చైనా వైద్యం, దాదాపు అదే జబ్బు. ఒకచోట పండింది, ఒకచోట పండలేదు. కాబట్టి "చైనా మందు పనిచేస్తుందా?" అనే ప్రశ్నే తప్పు. విత్తనం పనిచేస్తుందా అని ఎవరైనా అడుగుతారా? ఏ రకం, ఏ నేల, ఏ కాలం అని అడుగుతాం. ఇక్కడా ఏ మందు, ఏ బాధకి, ఎవరు చూసి ఇచ్చారు అని అడగాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పనిచెయ్యకపోతే డబ్బులే పోతాయి. మొక్క మారితే ప్రాణం పోద్ది.

బెల్జియంలో 1990ల మొదట్లో ఒళ్ళు తగ్గించే వైద్యశాలలో చైనా మూలికల బిళ్ళలు వాడిన వందమందికి పైగా ఆడవాళ్ళకి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కారణం ఏంటంటే ఫాంగ్ జీ అనే వేరు బదులు గ్వాంగ్ ఫాంగ్ జీ అనే వేరు కలిసింది. పేరులో ఒక్క మాటే తేడా, కానీ రెండోది అరిస్టోలోకియా జాతి మొక్క. ఆ జాతిలో ఉండే ఆమ్లం మూత్రపిండాలను తినేస్తుంది, తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సరూ తెస్తుంది. అది ఒళ్ళు తగ్గించే మందు కదా, కడుపుకేం సంబంధం అంటారేమో. ఉంది. చైనా వాళ్ళు కడుపుబ్బరానికి వాడే మంచి దినుసు ము షియాంగ్, అంటే మన చెంగల్వ కోష్టు. చింగ్ ము షియాంగ్ అని ఇంకోటి ఉంది, అదీ కడుపునొప్పికే వాడేవాళ్ళు. అది మాత్రం అరిస్టోలోకియా వేరు. చైనా ప్రభుత్వమే 2004లో దాన్ని అధికారిక మందుల పట్టీ నుంచి తీసేసింది. ఎన్నో తరాలు వాడినా దాని విషం బయటపడలేదు. ఎందుకంటే ఇవాళ తాగితే మూత్రపిండం పోయేది కొన్నేళ్ళకి. ఆ రెంటికీ ముడి ఎవరు పెడతారు?

ఇది మన గట్టు మీద మొక్క కూడా. నల్లరేగడి చేలల్లో పాకే గాడిదగడపాకు ఈ జాతిదే. నల్ల ఈశ్వరి కూడా ఈ జాతిదే. నులిపురుగులకనీ, కడుపునొప్పికనీ వీటి పసరు తాగించే అలవాటు ఎక్కడైనా ఉంటే దయచేసి ఇవాళే మానెయ్యండి. యూరప్‌లో డాన్యూబ్ ఉపనదుల పక్క ఊళ్ళలో రైతుల మూత్రపిండాలు తరాల తరబడి పాడవడానికి కారణం కూడా ఇదేనని తేలింది. గోధుమ చేలో కలుపుగా మొలిచిన ఇలాంటి మొక్క గింజలు పిండిలో కలిసి రొట్టెల్లోకి వెళ్ళాయి. వాళ్ళూ మనలాంటి రైతులే.

కాబట్టి చైనాదైనా మనదైనా, కడుపుకి మూలిక కొనేటప్పుడు ఇవి అడగండి.

సీసా మీద ప్రతి మొక్క పేరూ, భాగమూ ఉందా? "రహస్య ఫార్ములా" అంటే అక్కడే వదిలెయ్యండి. పేరు లేని విత్తనం సంచి కొంటామా?

లాట్ నంబరు, తయారీదారు చిరునామా, లైసెన్సు ఉన్నాయా? ఒక్క పూటలో గుణం చూపించే గుర్తింపు లేని పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి బిళ్ళలు కలిపి దొరికిన సంగతులు చాలా దేశాల్లో ఉన్నాయి.

బీపీ, షుగరు బిళ్ళలు వేసుకుంటున్నారా? చైనా మందుల్లో ఎక్కువగా కలిపే అతిమధురం రోజూ ఎక్కువ పడితే బీపీ పెరుగుద్ది, ఒంట్లో పొటాషియం పడిపోద్ది. ఏ మూలిక వాడుతున్నా డాక్టరుకి దాచకుండా చెప్పండి. గర్భిణులు రూబార్బ్, సునాముఖి లాంటివి సొంతంగా అసలు ముట్టుకోవద్దు.

ఇంకొకటి. దొడ్డికెళ్ళినప్పుడు రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ముద్ద దిగకపోయినా, యాభై దాటాక కొత్తగా దొడ్డి తీరు మారినా అది మూలికలతో కాలయాపన చేసే జబ్బు కాదు. ఆ వారమే కడుపు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పేగు క్యాన్సర్ మొదట్లో దొరికితే బతుకుతాం. ఆరు నెలలు చూర్ణం తిని వెళ్తే చేతులెత్తేస్తారు.

మూలికల్ని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ని చైనా మూలిక నుంచే తు యూయూ గారు తీశారు, 2015లో నోబెల్ వచ్చింది. పాత గ్రంథం ఆమెకు దారి చూపించింది. ఆమె మాత్రం గ్రంథంలో ఉంది కదా అని ఊరుకోలేదు, పరీక్ష పెట్టి తేల్చారు. పాత జ్ఞానానికి ఇవ్వాల్సిన మర్యాద అదే.

మీ ఇళ్ళల్లో కడుపు బాధకి ఏ పొడి, ఏ పసరు వాడుతున్నారో ఒకసారి చూడండి. అందులో ఏ మొక్కలున్నాయో పేర్లు తెలుసా? తెలియకపోతే, తెలిసేదాకా ఆ డబ్బా మూత తియ్యొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ పోస్టు చదివి వినిపించండి.