వచ్చు నీటికి గొట్టము, పోవు నీటికి దారి

పంటబోదె యెంత ముఖ్యమో మురుగుబోదెయు నంత ముఖ్యమని మన డెల్టా రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. నీరు పెట్టుటయే కాని తీయుట తెలియనివాని మడిలో వరి కుళ్లిపోవును. ఇంత తెలిసిన రైతే ఇల్లు కట్టుకొనునప్పుడు మాత్రము ఈ సంగతి మరచుచున్నాడు. గవర్నరుపేట అంగళ్లలో గీజరు బేరమాడు రైతులను మేము పలుమార్లు చూచితిమి. ఎన్ని లీటర్లు పట్టును, ఎన్ని యేండ్ల హామీ అని అడుగుదురు. స్నానము చేసిన నీరు ఎచ్చటికి పోవలెనో ఆలోచించినవారు అరుదు.

నలువది యేండ్లు దాటినవారికి పూర్వపు రీతి జ్ఞాపకముండును. మంచినీళ్ల చెరువునుండి కావడితోనో చంకబిందెతోనో నీరు వచ్చెడిది. సముద్రతీరపు గ్రామములలో భూమిలోని నీరు ఉప్పన. కాలువనీటితో నింపిన చెరువే దిక్కు. పెరటిలో నీళ్లపొయ్యిమీద కాగు, దాని క్రింద ఊక, తాటిమట్టలు, పిడకలు. కొంచెము కలిగినవారి యింట రాగి బాయిలరు ఉండెడిది. నడుమ నిప్పుగొట్టము, చుట్టును నీరు. నిప్పు నీటి నడుమనే యుండుటచేత వేడి వృథా పోవుట తక్కువ. మంచి పరికరమే. అయినను నీళ్లపొయ్యి పొగలో కన్నులు చెడగొట్టుకొన్నవారు పురుషులు కారు గనుక, ఆ కాలమును పొగడుటకు మాకు నోరు రాదు.

ఒక్క గుణము మాత్రము ఆ పద్ధతికి దానంతట అబ్బినది. మోసి తెచ్చిన నీరు గనుక కొంచెముగా వాడిరి. ఆ కొంచెమును దడిప్రక్క అరటిపాదులోనికి, కందపాదులోనికి పోయెను.

పిమ్మట ఇనుప పైపులు వచ్చినవి. మరలు కోసి, నార చుట్టి బిగించు పనివాడు పట్టణమునుండి రావలెను. ఉప్పునీటికి ఆ పైపు త్రుప్పు పట్టెడిది. ఇప్పుడు పి.వి.సి. పైపును బంకతో అతుకుటకు ఒక పూట చాలును. కాగు స్థానమున కరెంటు కడ్డీ, కడ్డీ స్థానమున గీజరు. పదునైదు లీటర్ల బకెట్టు నీటిని 25 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు కాచుటకు పావు యూనిటుకు కొంచెము పైగా కరెంటు పట్టును. ఎర్తు తీగ సరిగా నున్నచో అపాయమును తక్కువ. ఈ మార్పు మేలైనదే.

అయితే లెక్క చూడుడు. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల్ జీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు ఇంటి కుళాయికి రావలెనని ప్రమాణము పెట్టినది. ఐదుగురున్న యింటికి 275 లీటర్లు. కావడికి ముప్పది లీటర్లు అనుకొన్నచో తొమ్మిది కావళ్లకు పైమాటే. అందులో త్రాగునది, వండునది స్వల్పము. మిగిలినదంతయు సబ్బునీరై బయటికి రావలసినదే. దానికి మన మేర్పరచిన దారి యేది? వీధిప్రక్క గుంటలో నిలిచి, నిండి, పల్లము వెదకికొని పోవును. అనేక గ్రామములలో ఆ పల్లము చెరువే. ఇంకుడుగుంట ఇసుకనేలలో పనిచేయును గాని మన నల్లరేగడిలో త్వరగా ఇంకదు.

ఇందులో ప్రాణభయము కూడ కలదు. కుళాయి నీరు దినమంతయు రాదు. నీరు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పోవును. ఆ పైపు మురుగులోనుండి పోవుచు, అతుకు వదలియున్నచో, బయటి మురుగు లోనికి చేరును. కుళాయికే మోటారు తగిలించి లాగువారు ఆ మురుగును పీల్చి పొరుగువానికి గూడ పంచుచున్నారని చెప్పవలసివచ్చినందుకు విచారించుచున్నాము. 2018 మార్చిలో గుంటూరునందు మంచినీటిలో మురుగు కలసి అతిసారము వ్యాపించి, పలువురు మరణించిరి.

పట్టణము మనకు మేలుబంతి కాదు. ఏలూరు, రైవెసు, బందరు కాలువలు విజయవాడ నడుమనుండియే పోవును. పట్టణపు మురుగు వానిలో కలియుట అందరును చూచుచున్నదే. ఆ కాలువలనుండియే దిగువ గ్రామముల చెరువులు నిండును. పట్టణమువారిని మనము నిందించునపుడు, మన చెరువులో మన వీధి నీరే కలియుచున్న సంగతి గూడ చూడవలెను.

బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసినది. డెల్టా మురుగు పారుదలను గూర్చి మిత్రా సంఘము విచారించినది 1960లలో. నీరు తెచ్చినపిదప మురుగును గూర్చి ఇట్లు నూరేండ్లకు గట్టిగా ఆలోచించినాము. ఆ నడుమ మునిగిన పంటలు మన తాతలవి. ఇంటి విషయమున మరల అంత ఆలస్యమేల?

మురుగు కాలువ పంచాయతీ పని యని కొంద రందురు. పెద్ద కాలువ వారిదే. పొలములో పెద్ద డ్రైను ప్రభుత్వమువారిదైనను బోదె మనదే కదా. సంఘము స్నానపు గదికి అప్పిచ్చునపుడు, పోవు నీటి దారి చూపినగాని చివరి వాయిదా యీయరాదని మా యభిప్రాయము. స్థలమున్నవారు పైపుతో పెరటి అరటిపాదులకు పెట్టుకొనవచ్చును. లేనివారు నలుగురైదుగురు కలసి కప్పిన కాలువ వేసికొనవలెను. కుళాయి పైపు మురుగులోనుండి పోవుచున్నచో, వేసవిలో కాలువలు కట్టివేసిన రోజులలోనే దానిని ఎత్తించి మార్పించుకొనుడు. వానలు పడినపిదప రేగడిలో త్రవ్విన గాడి గట్టులు విరిగిపడును, పనివాడును దొరకడు.