డబ్బా మన గోడకి, తాళంచెవి ఎవరి జేబులో?

టూరింగ్ టాకీసుల రోజుల్లో రీలు తెగితే హాలంతా ఈలలే ఈలలు. లోపల ఆపరేటరు చెమట తుడుచుకుంటూ రెండు ముక్కలూ అతికించేవాడు, బొమ్మ మళ్లీ నడిచేది. తెగిందీ ఆ గదిలోనే, అతికిందీ ఆ గదిలోనే. ఈల ఎవరికి వెయ్యాలో జనానికి తెలిసేది!

ఇప్పుడు రీళ్ల పెట్టెలు లేవు. సినిమా హార్డ్ డిస్కులోనో, శాటిలైట్ మీదుగానో హాలుకి చేరుతుంది. అది తెరుచుకోవాలంటే కేడీఎమ్ అనే డిజిటల్ తాళంచెవి వేరే రావాలి. ఫలానా సర్వరు మీద, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే అది పనిచేస్తుంది. ఆ చెవి రాకపోతే బొమ్మ హాల్లోనే ఉన్నా తెరమీద పడదు. హాలు ఓనరుగారు గేటు దగ్గర నిలబడి జనానికి దండం పెట్టుకోవాల్సిందే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటి ఏర్పాటే మన ఇళ్లలోకీ వచ్చి కూర్చుంది. మీ ముందుగదిలో దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉండే రౌటరు డబ్బా సంగతి నేను మాట్లాడేది.

మా ముసునూరు చుట్టుపక్కల మామిడితోటల మధ్య నుంచి కరెంటు స్తంభాల మీదుగా సన్నటి నల్లతీగలు పోతుంటాయి. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకి 149 రూపాయలన్నారు అప్పట్లో. 2023 జూన్‌లో అదే తీగ మీద 'నిరీక్షణ' అనే సినిమాను 99 రూపాయలకి విడుదల రోజే ఇంటికి పంపించారు. తర్వాత ప్రైవేటు కంపెనీల తీగలూ వచ్చాయి. ఒక్కమాటలో చెప్పాలంటే ఆ డబ్బా ఇప్పుడు మన ఇంటి ప్రొజెక్టరు గది. గదైతే మనదే. ఆపరేటరు మాత్రం ఎక్కడో ఉన్నాడు!

ఆ డబ్బాలో ఉండేది చిన్న కంప్యూటరే. దాన్ని నడిపే లోపలి రాతకి ఫర్మ్‌వేర్ అని పేరు. అందులో లొసుగు బయటపడ్డప్పుడల్లా కొత్త రాత పంపిస్తారు. కంపెనీవాళ్లు ఇచ్చిన డబ్బా అయితే ఆ పని దూరం నుంచే చేసేస్తారు. దానికి టీఆర్-069 అనే పద్ధతి 2004 నుంచే ఉంది. కొత్త రాత ఎక్కాక డబ్బా ఒకసారి ఆగి మళ్లీ లేస్తుంది. ఆగేముందు మనల్ని అడగదు.

అడగకపోతే ఏమవుతుంది? మా వీధిలో ఓ కుర్రాడు కిందటి వేసవిలో వీడియోలో ఉద్యోగం ఇంటర్వ్యూకి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, వెనకాల కొత్త దుప్పటితో తెర, అంతా సిద్ధం. రెండో ప్రశ్నకి జవాబు చెబుతుండగా డబ్బా దీపాలన్నీ ఆరిపోయాయి. మళ్లీ వెలిగేసరికి ఏడు నిమిషాలు. అవతలివాళ్లు ఇంకొకరిని పిలిచేసుకున్నారు. ఏ కంపెనీ డబ్బా అనేది ఇక్కడ అనవసరం. సాయంత్రం లైను చూసే కుర్రాడు వచ్చాడు.

"పైనుంచి అప్‌డేట్ పడిందన్నా."

"పట్టపగలు పదకొండింటికా? ముందు ఒక మాట చెప్పొద్దా తమ్ముడూ?"

"మాకే చెప్పరన్నా!"

పాపం, అతన్ని ఏమనాలి!

'అయితే అప్‌డేట్లు ఆపించేస్తే పోలా?' అంటారు మీరు. నేనైతే ఒప్పుకోను. 2016 నవంబరులో జర్మనీలో డాయిషే టెలికామ్ సంస్థ ఇచ్చిన రౌటర్లు సుమారు 9 లక్షలు ఒక్క దాడితో మూలపడ్డాయి. అప్పుడు కాపాడింది అప్‌డేటే. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టండి, కొత్త రాత దానంతటదే ఎక్కుతుంది అన్నారు. 2017 జూలైలో మన బీఎస్ఎన్ఎల్ మోడెముల మీదా దాడి జరిగింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన మోడెములే దొరికిపోయాయి. మార్చుకోండి మహాప్రభో అని ఆ సంస్థే జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. అందరూ తమంతట తాము అప్‌డేట్ చేసుకుంటారనుకోవడం వట్టి భ్రమ. మా వీధిలో డబ్బా మీద దుమ్ము తుడిచేవాళ్లే తక్కువ.

కానీ తాళంచెవి ఒక్కచోటే ఉంటే ఆ చోటికే దొంగ వస్తాడు. 2023 అక్టోబరు చివర్లో అమెరికాలో ఒకే ఇంటర్నెట్ కంపెనీకి చెందిన రౌటర్లు 6 లక్షలకు పైగా మూడు రోజుల్లో చచ్చిపోయాయి. వాటి ఫర్మ్‌వేర్‌ని ఎవరో దూరం నుంచే చెడగొట్టారు. ఆ డబ్బాలు మళ్లీ లేవలేదు, మార్చాల్సి వచ్చింది.

కాబట్టి నా గొడవ అప్‌డేటుతో కాదు, వేళతో! ఐరోపా వాళ్లు 2024లో ఒక చట్టం తెచ్చారు, 2027 డిసెంబరు నుంచి పూర్తిగా అమలు. రక్షణ అప్‌డేట్లు వాటంతటవే పడేటట్టు పెట్టి అమ్మాలి, వాడేవాడికి కబురు చెప్పాలి, కాసేపు వాయిదా వేసుకునే వీలు, అక్కర్లేదనుకుంటే ఆపుకునే వీలు ఇవ్వాలి. జర్మనీలోనైతే 2016 ఆగస్టు 1 నుంచి ఇంట్లో ఏ రౌటరు పెట్టుకోవాలో వినియోగదారుడి ఇష్టమే. మన డబ్బాకి కూడా ఇంత మర్యాద అడిగితే తప్పేముంది? 'రేపు తెల్లవారుజామున మీ లైను పది నిమిషాలు ఆగుతుంది' అని ఒక్క ఎస్ఎమ్ఎస్! బిల్లు కట్టమని నెలకి నాలుగు పంపించేవాళ్లకి ఇదేం బరువు?

ఈలోగా మన చేతిలో ఉన్నవీ కొన్ని లేకపోలేదు. డబ్బా అడుగున చీటీ మీద 192.168.1.1 లాంటి అంకెలుంటాయి. బ్రౌజరులో అది కొడితే లోపలి పేజీ తెరుచుకుంటుంది. ముందు అక్కడి పాస్‌వర్డ్ మార్చండి. ఇక కంపెనీ డబ్బాకి వెనక సొంత రౌటరు తగిలించుకుంటే, చాలావాటిలో అప్‌డేట్ ఏ గంటకి పడాలో మనమే పెట్టుకోవచ్చు. ముందున్న డబ్బా మాత్రం కంపెనీ చెప్పుచేతల్లోనే ఉంటుంది, అది మరిచిపోకండి. అప్‌డేట్ నడుస్తుండగా ప్లగ్గు పీకడం మాత్రం వద్దు. సగం రాసిన రాతతో కొన్ని డబ్బాలు మళ్లీ లేవవు. వైశాఖంలో గాలిదుమారానికి మామిడికాయలు రాలినప్పుడల్లా కరెంటు పోయే మా వైపు అయితే రౌటరుకి పెట్టే చిన్న యూపీఎస్ కొనుక్కోవడం ఉత్తమం.

ఆ ఇంటర్వ్యూ కుర్రాడు సొంత రౌటరు కొన్నాడు. అప్‌డేట్ వేళ తెల్లవారుజాము నాలుగు అని పెట్టాడు. మూడోవారం వాళ్ల నాయనమ్మ అభ్యంతరం చెప్పింది. ఆవిడ నాలుగింటికే లేచి యూట్యూబులో సుప్రభాతం పెట్టుకుంటుందట. ఇప్పుడు రెండున్నరకి మార్చాడు.