కాల్షియం బిళ్లలు మానవచ్చునా?

"నాకిప్పుడు ఏడవ నెల. ఆసుపత్రిలో కాల్షియం బిళ్లలిచ్చారు. అవి మింగితే బిడ్డ ఎముకలు ముదిరి కాన్పు కష్టమవుతుందని మా అత్తగారి భయం. మానివేయనా?" అని ఒక సోదరి ప్రశ్న.

మానవద్దమ్మా! పుట్టేనాటికి బిడ్డ ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం చేరుతుంది. అధికభాగం చివరి మూడు నెలల్లోనే. అదంతా తల్లి ఇవ్వవలసినదే. తిండిలో చాలకపోతే ఆమె ఎముకలే అరిగి ఇస్తాయి. కాన్పు కష్టమయ్యేది ఈ బిళ్లలతో కాదు. పైగా, కాల్షియం చాలని గర్భిణులకు రక్తపుపోటు హెచ్చి గుర్రపువాతం వచ్చే ప్రమాదాన్ని ఇవి తగ్గిస్తాయి.

బెంగుళూరులో 11,000 మంది తొలిచూలు స్త్రీలను పరీక్షించిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఆ పోటు జబ్బు రోజుకు 1500 మిల్లీగ్రాములు వాడినవారిలో నూటికి 3.6 మందికి, 500 మాత్రమే వాడినవారిలో 3.0 మందికి వచ్చింది. చిన్న మోతాదూ తీసిపోలేదన్నమాట! అయినా మీ మోతాదు మీ డాక్టరే చెప్పాలి.

రక్తహీనతకిచ్చే ఐరన్ బిళ్లతో కలిపి మింగకండి. రెండు గంటల ఎడముండాలి. పాలు, పెరుగు, రాగిజావ తీసుకోండి. ముఖం వాచినా, విడవని తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

ఈ జవాబు అత్తగారికీ చదివి వినిపించండి. ఆమె భయమూ మీ క్షేమం కోరే కదా!