మామిడి తెగులు - ఋతుధర్మము, మన ధర్మము

మన విజయనగరము జిల్లా సువర్ణరేఖ మామిడికి పేరుపొందినది. రామతీర్థము పరిసరములలోను తోటల ఫలసాయముపై ఆధారపడిన కుటుంబములు కలవు. పూత మాడిన యేట రైతు “కాలము కలిసిరాలేదు” అని నిట్టూర్చును. ఆ మాట సగమే సత్యము. తక్కిన సగము మన చేతిలోనే యున్నదని నా అభిప్రాయము.

పూతను చెరచు శిలీంధ్ర వ్యాధులలో బూడిద తెగులు, పక్షికన్ను తెగులు ముఖ్యములు. ఈ రెండును ఒకే వాతావరణమును కోరవు. పుష్య మాఘములలో రాత్రులు చల్లగను, పగళ్లు వెచ్చగను ఉన్నప్పుడు బూడిద తెగులు పూగుత్తులపై తెల్లని పొడివలె వ్యాపించును. దాని సిద్ధబీజములు గాలిలో ఎగురును. మొలకెత్తుటకు వాన అక్కరలేదు. పక్షికన్ను తెగులునకు తడియే ప్రాణము. పూతవేళ అకాలవర్షము కురిసినను, పొగమంచు వలన గుత్తులు గంటల తరబడి ఆరకున్నను, అది పూలను నల్లగా మాడ్చును. పిందెలో ప్రవేశించి, కాయ పండువరకు దాగియుండును. చెట్టున నిగనిగలాడిన కాయ దూరపు సంతలో నల్లమచ్చలు దేరుట అందువలననే.

కావున ఆకాశమును చూడక మందు చల్లుట వృథావ్యయము. గంధకము బూడిద తెగులును అణచును. పక్షికన్నునకు బోర్డో మిశ్రమము వంటి రాగి మందు కావలెను. పూలు విచ్చుకొనిన పిదప చల్లినచో పరాగమును మోయు ఈగలకు హాని కలుగును.

అంతకంటె ముఖ్యమైనది తోట పరిశుభ్రత. పక్షికన్ను శిలీంధ్రము ఎండుపుల్లలలో మరుసటి పూతవరకు నిలిచియుండును. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ వంటి తుపానులు విరిచిన కొమ్మలను వెంటనే తొలగింపవలెను. ఎండుపుల్లలను కోత ముగియగానే నరికి కాల్చవలెను. కాని పూతమీదనే తోటను వ్యాపారికి అమ్ముట మనవైపు పలువురి అలవాటు. కోత కాగానే వ్యాపారి వెడలిపోవును. సొమ్ము ముట్టిన యజమాని తోటవైపు చూడడు. ఆషాఢ శ్రావణములలో ఆ చెట్టుకు దిక్కెవరు? తోట అమ్మకపు కాగితములో ఈ బాధ్యత ఎవరిదో ఒక్క వాక్యము వ్రాసికొనుట మేలు.

కళాశాల కమిటీవారికి నా విన్నపమొకటి. పుష్యము మొదలు ఫాల్గుణము వరకు ప్రతిదినము వాన, మంచు, ఉష్ణోగ్రతలను విద్యార్థులచే నమోదు చేయించి, ఉర్దూ తెలుగు భాషలు రెండింటను ప్రకటింపజేయుడు. తోటగల ఇండ్లనుండి వచ్చు విద్యార్థులు ఆ వార్తను సాయంకాలమునకు ఇంటికి చేర్చగలరు. ఋతువును మార్చుట మన వశము గాదు. దానిని గమనించి ముందుగా మేల్కొనుట మన వశమే.