బొమ్మ గీయడానికి లైసెన్సు వద్దు, వైద్యం చేస్తానంటే మాత్రం కావాలి



ఈ సంచికలో ప్రతి ఏటా చదువుల గురించి, ఉద్యోగాల గురించి, పోటీ పరీక్షల గురించి చాలామంది రాస్తారు. అవన్నీ అవసరమే. ఈసారి నేను మనసు గురించి, ఆ మనసును బాగుచేస్తామంటూ మన హాస్టల్ గేటు దాకా రాబోయే మనుషుల గురించి నాలుగు మాటలు రాయదలచుకున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలందరికీ సంబంధించిన విషయం కాబట్టి ఓపికగా చదవాలని మనవి.

ఈ మాట ఇప్పుడెందుకు?

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసు అది. ఆ తీర్పులో జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు ఇచ్చారు. తగిన చట్టం వచ్చేదాకా ఇవే చట్టంలా అమలు కావాలన్నారు. స్కూళ్ళు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లే కాదు, హాస్టళ్ళు కూడా వీటి కిందికి వస్తాయి.

అందులో ఒకటి ఏమంటే, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ ఫోన్ నంబర్లు హాస్టల్లో అందరికీ కనబడేలా పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

మంచి తీర్పు. కానీ అవసరం ఉన్న చోటికి అంగడి కూడా వస్తుంది. ఇంతమంది నిపుణులు ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తారు? ఎవరు నిపుణుడో, ఎవరు కాదో వార్డెన్ సారుకు ఎలా తెలుస్తుంది? ముఖ్యంగా "ఆర్ట్ థెరపీ" అనే పేరు వినడానికి బాగుంటుంది. రంగులు, కాగితాలు పట్టుకుని వస్తే ఎవరూ కాదనరు. ఖర్చు తక్కువ, ఫోటోలు బాగా వస్తాయి. అందుకే ముందుగా ఈ పేరు సంగతి తేల్చుకోవాలి.

ఓదార్పు వేరు, చికిత్స వేరు

కళ మనసుకు బలమిస్తుందని మనకు ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. బతుకమ్మ పాటలో కష్టం చెప్పుకున్న తల్లుల బిడ్డలం మనం. పెద్దగట్టు లింగమంతుల జాతరలో భేరీల మోత విన్నవాళ్ళం. డప్పు మీద దరువు పడితే ఒంట్లోని బరువు ఎలా దిగుతుందో మన వాడలకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? దిగులుగా ఉన్నప్పుడు నోట్సు చివరి పేజీలో బొమ్మ గీసుకునే పిల్లవాడికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. వాడికి బొమ్మ నేర్పే డ్రాయింగు మాస్టారుకూ అక్కర్లేదు.

చికిత్స అన్నది ఇంకో సంగతి. ఎడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు 1938లో క్షయవ్యాధితో శానిటోరియంలో చేరాడు. మంచం మీద ఉండే బొమ్మలు గీస్తూ తేరుకున్నాడు. తోటి రోగులకూ నేర్పాడు. 1942లో ఈ పనికి "ఆర్ట్ థెరపీ" అని పేరు పెట్టింది ఆయనే అంటారు. ఆ తర్వాత ఇది చదువుగా, వృత్తిగా పెరిగింది. ఇక్కడ బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. మాటల్లో చెప్పలేని బాధ రంగుల్లో బయటికి వస్తే, దాన్ని జాగ్రత్తగా పట్టుకుని, ఆ మనిషి తట్టుకోగలిగినంత మేరకే నడిపించడం చికిత్సకుడి పని. దానికి మనస్తత్వ శాస్త్రం తెలియాలి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని నేర్చుకుని ఉండాలి.

తెలిసీ తెలియని చెయ్యి పడితే?

"బొమ్మలే కదా, నష్టమేముంది?" అని కొందరు అడుగుతారు. నష్టం ఉంది.

మొదటిది, తప్పు తీర్పు. పిల్ల నల్లరంగు ఎక్కువ వాడితే డిప్రెషన్ అని, ఇంటికి తలుపు గీయకపోతే భయమని చిట్కాలు చెప్పేవాళ్ళుంటారు. నిజానికి ఆ రోజు డబ్బాలో నల్ల క్రేయాను ఒక్కటే మిగిలి ఉండవచ్చు. ఒక్క బొమ్మ చూసి రోగం పేరు చెప్పేవాడు జాతకం చెప్పేవాడితో సమానం. నిపుణుడు తాను చెప్పడు, పిల్లనే అడుగుతాడు.

రెండవది, గాయం రేపి వెళ్ళిపోవడం. అమ్మానాన్నలు లేని పిల్లలు, ఇంట్లో తాగుడు, దెబ్బలు చూసిన పిల్లలు, పేరు బదులు కులంతో పిలిపించుకుని నలిగిన పిల్లలు మన మధ్య ఉంటారు. "నీ జీవితంలో అన్నిటికంటే బాధ కలిగించిన రోజును గీయి" అని ఒక్క పూట వర్క్‌షాపులో చెప్పి, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతే, రాత్రంతా ఆ పిల్లతో ఉండేదెవరు? పక్క బెడ్ మీద పడుకునే ఇంకో పిల్ల. ఆమెకేం తెలుసు?

మూడవది, రహస్యం. చికిత్సలో గీసిన బొమ్మ ఆ పిల్లది. దాన్ని గోడకు అంటించకూడదు, ఎగ్జిబిషన్‌లో పెట్టకూడదు, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకూడదు. అయితే బొమ్మలోనో మాటలోనో లైంగిక దాడి సంగతి బయటపడితే దాచిపెట్టడం కుదరదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. ఏది దాచాలో, ఏది చెప్పాలో తెలియని మనిషి చేతిలో పిల్లల్ని పెట్టవచ్చా?

మన సూర్యాపేట, కోదాడల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారిపై రాత్రింబవళ్ళు లారీలు పోతుంటాయి. స్టీరింగు తిప్పడం వచ్చినంత మాత్రాన ఎవరినీ లారీ తోలనివ్వం. లైసెన్సు చూపమంటాం. లారీ పోయేది రోడ్డు మీద. వీళ్ళ పని పసి మనసు మీద.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో దీనికి చట్టమే లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. వికలాంగుల పునరావాస రంగంలో పనిచేసే నిపుణులను నమోదు చేయడానికి 1992లోనే రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు దాని రిజిస్టరులో ఉంటారు. ఆర్ట్ థెరపిస్టుకు మాత్రం అందులో విడిగా చోటు దక్కలేదు.

2021లో పార్లమెంటు నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. ఫిజియోథెరపిస్టుల నుంచి ల్యాబ్ టెక్నీషియన్ల దాకా యాభైకి పైగా వృత్తులను పది వర్గాలుగా దాని షెడ్యూలులో చేర్చారు. అక్కడ "మూవ్‌మెంట్ థెరపిస్టు" అన్న పేరు కింద ఆర్ట్, డాన్స్ థెరపిస్టులను కూడా కలిపారు. అంటే మొదటిసారిగా ఈ వృత్తి చట్టం కంట పడింది. ఈ చట్టం ప్రకారం హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్ళ కాలంలో కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలి. రెండు రోజుల సర్టిఫికెట్టుకూ దీనికీ ఎంత దూరమో చూడండి.

అయితే కాగితం మీద ఉన్నది నేల మీదికి రావడం ఆలస్యమవుతోంది. రాష్ట్రాలు ఆరు నెలల్లో తమ కౌన్సిళ్ళు ఏర్పాటు చేయాలని చట్టంలో ఉంది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చూసేసరికి 14 రాష్ట్రాలే ఆ పని చేశాయి. 2025లో కేంద్రం పది వృత్తుల పాఠ్యప్రణాళికలు విడుదల చేసింది. ఫిజియోథెరపీ, డయాలసిస్, ఆప్టోమెట్రీ వంటివి అందులో ఉన్నాయి గాని ఆర్ట్ థెరపీ లేదు. ఇక బొమ్మ గీయించే చికిత్సను కదలికల చికిత్స కింద ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. రెండింటి శిక్షణ వేరు. విడివిడిగా గుర్తించి, విడివిడిగా ప్రమాణాలు పెట్టాలి.

ఈ వృత్తికి ఆ పేరు పుట్టిన బ్రిటన్‌లో ఏం చేశారో చూద్దాం. అక్కడ "ఆర్ట్ థెరపిస్టు" అన్న పేరుకే చట్టరక్షణ ఉంది. రిజిస్టరులో లేని మనిషి ఆ పేరు పెట్టుకుంటే నేరం. రిజిస్టరును ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. తప్పు చేస్తే ఫిర్యాదు చేయవచ్చు, పేరు తీసేయించవచ్చు. అలా చేసినందువల్ల అక్కడ బొమ్మలు గీసేవాళ్ళు తగ్గిపోలేదు.

పూజారి అడ్డం పడకుండా

ఇప్పుడు రెండో వైపు కూడా చూడాలి. లైసెన్సు అనగానే మనవాళ్ళకు అనుమానం రావడం సహజం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇన్నాళ్ళూ చదువు తలుపు దగ్గర ఎవరో ఒకరు నిలబడి మనల్ని ఆపుతూనే వచ్చారు. ఈ చదువు కూడా మహానగరాల్లో, ఇంగ్లీషులో, లక్షల ఫీజుతో మాత్రమే దొరికితే ఏమవుతుంది? చికిత్స చేసేవాళ్ళు ఒక వర్గం, చేయించుకునేవాళ్ళు ఇంకో వర్గం అవుతారు. మన భాష, మన వాడ, మన అవమానం తెలియని మనిషి చేతిలో ఎంత పెద్ద లైసెన్సు ఉన్నా, మన పిల్ల నోరు విప్పుతుందా?

ఈ అనుమానంలో నిజం ఉంది. కానీ దానికి మందు లైసెన్సు వద్దనడం కాదు. నియమం లేకపోతే నష్టపోయేది మొదట మనమే. డబ్బున్నవాళ్ళు హైదరాబాద్ వెళ్ళి మంచి నిపుణుణ్ణి వెతుక్కుంటారు. ఉచితంగా వచ్చినవాణ్ణి ఎవరని అడగలేనిది హాస్టల్ పిల్లలు. కాబట్టి తాళం ఉండాలి, తాళంచెవి మనకూ అందాలి.

అది సాధ్యమే. కోల్‌కతా సంవేద్ అనే సంస్థ 2004 నుంచి, అక్రమ రవాణా నుంచి బయటపడిన అమ్మాయిలతో నృత్య చికిత్స చేస్తూ వచ్చింది. ఆ అమ్మాయిల్లోనే కొందరు శిక్షణ పొంది ఇతరులకు చికిత్స చేసే స్థాయికి ఎదిగారు. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి ఆ సంస్థ డిప్లొమా కోర్సు కూడా నడిపింది. బాధ తెలిసినవాళ్ళే పద్ధతిగా చదువుకుంటే అంతకంటే మంచి చికిత్సకులు ఎవరుంటారు?

అందుకే ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి ఇవి. ఈ కోర్సులు ప్రభుత్వ యూనివర్సిటీల్లో పెట్టాలి. సూర్యాపేటలో, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. ప్రాక్టికల్ శిక్షణ అలాంటి చోట్ల జరగాలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వర్తించాలి. తెలుగులో పాఠాలు, పరీక్షలు ఉండాలి. డప్పు, ఒగ్గుకథ, చిందు వంటి కళల్లో ఆరితేరినవారికి ప్రవేశాల్లో గుర్తింపు ఇవ్వాలి. రిజిస్టరు తెలుగులో, సెల్‌ఫోన్‌లో చూసుకునేలా ఉండాలి.

ఈలోగా మనం చేయగలిగింది

చట్టం పూర్తిగా అమలయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. హాస్టల్‌కు ఎవరైనా థెరపీ పేరుతో వస్తే వార్డెన్ సార్లు, పూర్వ విద్యార్థుల సంఘాలు ఈ ప్రశ్నలు అడగాలి. ఏం చదివారు, ఎన్నాళ్ళు? ఏ రిజిస్టరులో మీ పేరుంది, నంబరెంత? మీ పనిని పర్యవేక్షించే నిపుణుడెవరు? మళ్ళీ ఎప్పుడు వస్తారు? పిల్లల బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి? ఒక పిల్ల పరిస్థితి బాగోలేదనిపిస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు? నిజమైన నిపుణుడు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు, సంతోషిస్తాడు. బొమ్మలు నేర్పడానికే వచ్చామంటే మరీ మంచిది. సంతోషంగా నేర్పించుకుందాం, కానీ దాన్ని చికిత్స అని పిలవొద్దు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీకు నచ్చని సంగతి గీయమన్నా, చెప్పమన్నా "చెప్పను" అనే హక్కు మీకుంది. అలాగని బాధను లోపలే దాచుకోవద్దు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎవరైనా మిమ్మల్ని హింసిస్తుంటే 1098కి చేయండి. ఈ రెండు నంబర్లూ హాస్టల్ గోడ మీద లేకపోతే, మీలో చక్కగా రాయగలిగిన వాళ్ళే వార్డెన్ సారును అడిగి పెద్ద అక్షరాలతో రాయండి. పక్కన మంచి బొమ్మ కూడా వేయండి. దానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు.

మీలో బొమ్మలు బాగా గీసేవాళ్ళు, పక్కవాడి మాట ఓపికగా వినేవాళ్ళు ఉంటారు. ఇంటర్ తర్వాత ఏం చదవాలని ఆలోచిస్తున్నప్పుడు సైకాలజీని, సోషల్ వర్కును కూడా లెక్కలోకి తీసుకోండి. రేపు ఆ రిజిస్టరు తెరిచినప్పుడు అందులో మన హాస్టల్ పిల్లల పేర్లు కనబడాలి.

– ఒక పూర్వ విద్యార్థి, మిర్యాలగూడ